లేని పిల్లలకు రెండు చొక్కాలు

కుట్టు కొట్టు, మేడమెట్ల కింద
జులై 9

బుల్లెమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండుసార్లు కాగితం తీశాను, రెండుసార్లూ దాని మీద కాలర్ గీసి కత్తిరించేశాను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నీ మాటలు నాకు సగమే వినిపిస్తాయి, మిగతా సగం నేనే కల్పించుకుంటాను. తర్వాత అదంతా నువ్వే అన్నావని మీ నాన్నకు చెప్తాను. ఎందుకొచ్చిన గొడవ.

నువ్వేమో "ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చింది పెదనాన్నా, పిల్లలకు పౌనఃపున్య బహుభుజి ఎక్కడం లేదు, యాభై ఏళ్ళుగా గీతలు గీస్తున్నావు కదా, ఏదైనా ఉపాయం చెప్పు" అని నాలుగు ముక్కలు రాసి పడేశావు. ఆ పేరు నోరు తిరగడానికే నాకు రెండు రోజులు పట్టింది. తిరిగాక దాహం వేసింది.

నా చదువు సంగతి నీకు తెలియనిది కాదు. నమూనాలకోసం తెచ్చుకున్న పాత కాగితాలే నా బడి. కత్తిరించే ముందు చదువుతాను. అందుకే నాకు అన్ని విద్యలూ వచ్చు, ఒక్కటీ చివరిదాకా రాదు. చంద్రుడు ఎలా ఉదయిస్తాడో తెలుసు, అస్తమించడం మాత్రం ఒక వకీలుగారి చేతిపట్టీలోకి పోయింది. ఆ వకీలుగారి మాట వచ్చింది కాబట్టి చెప్తాను. పొట్ట కొలిచేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. కోర్టులో అందరిచేతా నిజం చెప్పించే మనిషి టేపు ముందు అబద్ధమాడేవాడు. నేను "మొన్నటి కేసు గెలిచారటగా" అనేవాణ్ణి. ఆయన గెలుపు వర్ణించడం మొదలుపెట్టేవాడు, పొట్ట దానంతటదే బయటికి వచ్చేది, అప్పుడు కొలిచేవాణ్ణి.

అసలు సంగతికి వస్తాను. మూల కట్టలో వెతికితే ఏదో లెక్కల పుస్తకంలోని నూట పన్నెండో పేజీ దొరికింది. కొలతలను గుంపులు చెయ్యాలి. ఒక్కో గుంపులో ఎందరున్నారో లెక్కపెట్టాలి. గుంపు నడిమి కొలత దగ్గర అంత ఎత్తున చుక్క పెట్టాలి. చుక్కల్ని వరసగా గీతలతో కలపాలి. ఆ కింద "చివరి చుక్క తర్వాత" అని ఉంది. అక్కడ నా కత్తెర తిరిగింది. కాబట్టి చివరి చుక్క దగ్గర ఆపెయ్యమను.

ఒక్క ఉపాయం మాత్రం నాది. ఎవరివో మార్కులు, ఎక్కడివో వానలు వద్దు. పిల్లల ఛాతీలే కొలిపించి గీయించు. అంకె తమ ఒంటిదైతే బుర్రకు ఎక్కుతుంది.

మీ పెదనాన్న


స్టాఫ్ రూం, తలుపు పట్టని బీరువా పక్క కుర్చీ
ఆగస్టు 2

పెదనాన్నా,

చివరి చుక్క దగ్గర ఆపెయ్యమన్నావు చూడు, నీ మాట విని ఉంటే నీ కత్తెర నా కొంప ముంచేది. గీతను గాల్లో వదలకూడదు. మొదటి గుంపుకు ముందు ఒకటి, చివరి గుంపుకు తర్వాత ఒకటి, ఎవరూ లేని గుంపుల్ని ఊహించుకోవాలి. వాటి నడిమిన సున్న దగ్గర చుక్క పెట్టి గీతను నేలకు దించాలి. అప్పుడే అది నాలుగువైపులా మూసుకుని బహుభుజి అవుతుంది. లేకపోతే అంచు కుట్టని గుడ్డలా వేలాడుతుంది. నీకు అర్థమయ్యేట్టు చెప్పానా?

ఛాతీల ఉపాయం మాత్రం పారింది. నలభైమందినీ కొలిచాం. ముందు అందరూ ఛాతీలు విరుచుకుని పావురాల్లా నిలబడ్డారు. నేను నీ వకీలుగారి కథ చెప్పాను. పకపకా నవ్వి ఊపిరి వదిలారు, అప్పుడు టేపు వేశాను. అరవై నుంచి అరవై అయిదు సెంటీమీటర్ల దాకా నలుగురు. డెబ్బై దాకా పదిమంది. డెబ్బై అయిదు దాకా పద్నాలుగుమంది. ఎనభై దాకా ఎనిమిదిమంది. ఎనభై అయిదు దాకా మళ్ళీ నలుగురు. పెద్ద అట్ట మీద బొమ్మ గీశారు. కింద చిన్న అక్షరాలతో ఈ పట్టిక రాశాం.

మా హెడ్మాస్టరు చూడ్డానికి వచ్చాడు. మెడలో విజిల్ లేకుండా ఎవరూ ఆయన్ని చూడలేదు, అందుకని విజిల్ సారు అంటాం.

"ఏంటమ్మా ఇది, యాభై అయిదు నుంచి అరవై దాకా ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సార్. సున్న."

"ఎవరూ లేనప్పుడు వాళ్ళకు అట్ట మీద చోటెందుకు?"

"గీత నేలకు దిగాలి కదా సార్."

"లేని పిల్లల్ని చూపిస్తున్నాడని రేపు నా మీద రాస్తే?"

"సున్నమందిని చూపిస్తే తప్పేముంది సార్?"

అట్టకు దూరంగా జరిగి చూశాడు. "బాగానే ఉంది, ప్రగతి కనిపిస్తోంది. మరి నడిమి నుంచి దిగిపోతోందేం? కుడివైపు కూడా పైకే వెళ్ళేట్టు గియ్యలేకపోయారా?" అన్నాడు.

నవ్వకు. నాది ఏడాది పరీక్షాకాలం. డిసెంబరులో తనిఖీ అధికారి వచ్చి సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది, పెట్టకపోతే ఇంటికే. ఈ ఏడాది ఎనిమిదో తరగతికి విద్యాశాఖ ఆఫీసువాళ్ళు చొక్కాలు కుట్టిస్తున్నారు. కొలతలు పంపమన్నారు. విజిల్ సారుకు మా బొమ్మ మీద మోజు పుట్టి, దాన్నే పంపి, ఇదే నా పనితనానికి పరీక్ష అని రాశాడు. "నలభైమందికీ చొక్కాలు సరిగ్గా పడితే నీకు తిరుగులేదమ్మా" అన్నాడు. పడకపోతే ఏమిటో చెప్పలేదు. మంచి దర్జీ ఎవరైనా తెలుసా అంటే నీ పేరు రాయించాను. గుండీలు ఊడకుండా కుట్టు.

నీ బుల్లెమ్మ


కుట్టు కొట్టు, మేడమెట్ల కింద
సెప్టెంబరు 20

బుల్లెమ్మా,

గీత నేలకు దిగడం గురించి నాకు అంత వివరంగా చెప్పనక్కర్లేదు. చొక్కాలో ఎవరికీ కనపడని చోట వేలెడు గుడ్డ మడిచి వదులుతాం. అక్కడ ఒళ్ళుండదు. ఆ మడత లేకపోతే మూడు ఉతుకుల్లో చొక్కా విడిపోతుంది. మీ సున్న గుంపు అదే. నూట పన్నెండో పేజీ వాడు ఈ మాట ముందే అని ఉంటే కత్తెర ఆపేవాణ్ణి.

మీ ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. చదివాక కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. మా పనిలో అరవై అయిదో నంబరు చొక్కా అంటే అరవై దాటి అరవై అయిదు దాకా ఉన్న ఛాతీకి. నీ లెక్క ప్రకారం అరవై అయిదు నుంచి మొదలుపెట్టి వరసగా నాలుగు, పది, పద్నాలుగు, ఎనిమిది, నాలుగు కుట్టాలి. వాళ్ళేం రాశారో చూడు. అరవై నంబరువి రెండు. అరవై అయిదువి ఏడు. డెబ్బైవి పన్నెండు. డెబ్బై అయిదువి పదకొండు. ఎనభైవి ఆరు. ఎనభై అయిదువి రెండు.

అరవై నంబరు ఎవరికమ్మా? మీ తరగతిలో అంత సన్నగా ఎవరూ లేరని నువ్వే రాశావు. లేని పిల్లలకు రెండు చొక్కాలా? పోనీ కూడికైనా తప్పుతుందేమోనని నాలుగుసార్లు కూడి చూశాను. నలభై. నీదీ నలభై, వాళ్ళదీ నలభై. ఇద్దరు మనుషులు వేర్వేరు దారుల్లో తప్పిపోయి ఒకే గుమ్మం ముందు తేలినట్టుంది.

తొమ్మిది రోజులు నాకు అన్నం సయించలేదు. చివరికి ఖాకీ కాగితం మీద నీ బొమ్మను నేనే గీశాను. ఎనభై, డెబ్బై అయిదు అని అంకెలు గుంపుల అంచుల దగ్గర ఉన్నాయి. చుక్కలు గుంపుల నడిమిన ఉన్నాయి. అరవై అంకె మీద స్కేలు నిలబెట్టి చూశాను. గీత రెండు ఎత్తున తగిలింది. అరవై అయిదు మీద ఏడు. డెబ్బై మీద పన్నెండు. దొరికాడు! మీ గుమాస్తా చుక్కల్ని చూడలేదు. అంకె ఉన్న చోటల్లా స్కేలు నిలబెట్టి, గీత ఎక్కడ తగిలితే అంతమంది అని రాసుకున్నాడు. నీ గుంపుల్ని ఒక్కొక్కటీ నడిమికి నరికి, సగం ఎడమపక్క అంకెకు, సగం కుడిపక్క అంకెకు పంచాడు. సగాలన్నీ కూడితే నలభై కాక ఏమవుతుంది?

పైగా నువ్వు చివర్లు మూశావు. నా సగం పేజీ మాట విని గాల్లో వదిలి ఉంటే అరవై దగ్గర రెండూ, ఎనభై అయిదు దగ్గర రెండూ వచ్చేవి కావు, మొత్తం ముప్ఫై ఆరు తేలేది, తప్పు అక్కడే పట్టుబడేది. నువ్వు సరిగ్గా గీయబట్టి వాడి తప్పు దాక్కుంది. ఇలాగే కుడితే, ఎలా సర్దినా ఏడుగురికి గుండీలు పట్టవు. వెళ్ళి చెప్పు.

కింద పట్టిక రాశామన్నావు. అది చూడకుండా బొమ్మను ఎందుకు కొలిచినట్టు?

పెదనాన్న


వీధి చివర పోస్టాఫీసు, బల్ల మీద
అక్టోబరు 6

పెదనాన్నా,

ఇది బడి నుంచి రాయడం లేదు. బడికి వచ్చే ఉత్తరాలన్నీ విజిల్ సారు బల్ల మీదుగానే వస్తాయి, ఆయన చింపి చదివాకే నాకొస్తాయి. ఇకనుంచి జాగ్రత్తగా రాయి.

పట్టిక ఏమైందో తెలిసింది. అట్ట కవరులో పట్టలేదట. విజిల్ సారు కింది భాగం కత్తిరించాడట. "అంకెలే కదమ్మా, బొమ్మలో ఉన్నవేగా" అన్నాడు. నీ కత్తెర ఒక్కటే అనుకున్నాను.

సెలవు పెట్టి ఆఫీసుకు వెళ్ళాను. గుమాస్తా మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు. దాని మీద ఫైళ్ళున్నాయి, నిలబడే మాట్లాడాను.

"చుక్కలు చూడాలండీ, అంకెల దగ్గర కాదు."

"అంకెలు మీరే వేశారు కదమ్మా?"

"వేశానండీ, కానీ..."

"మొత్తం ఎంత?"

"నలభై."

"పిల్లలెంతమంది?"

"నలభై."

"మరింకేం? తప్పుంటే సవరణ ఫారం ఇస్తాను. ఇదిగో, మొత్తంలో తేడా ఎంతో ఇక్కడ నింపాలి."

"తేడా సున్నండీ."

"సున్న అయితే ఫారం చెల్లదమ్మా." ఎంతో దయగా ఫారం వెనక్కి తీసుకుని సొరుగులో పెట్టుకున్నాడు.

విజిల్ సారుకు చెప్పాను. "కొలిచింది నువ్వు, గీసింది నువ్వు. చొక్కా పట్టలేదంటే కొలత తప్పే. అధికారి ముందు ఏడుగురు గుండీలు తెరుచుకుని నిలబడితే నేనేం చెప్పను? నీ కాగితం మీద ఏం రాయాలో నువ్వే చెప్పు" అన్నాడు.

నువ్వేదో చేద్దామని చూస్తావు, నాకు తెలుసు. వద్దు. కట్ట రాగానే మా బడి స్టోరు గుమాస్తా కాలర్ వెనక లేబుళ్ళు లెక్కపెట్టి ఆర్డరుతో సరిచూస్తాడు. ఒక్క నంబరు తేడా వచ్చినా మొత్తం కట్ట నీకు తిప్పి పంపుతాడు. అప్పుడు చొక్కాలే ఉండవు, అధికారి మాత్రం ఉంటాడు. యాభై ఏళ్ళ నీ మాట నావల్ల పోకూడదు. ఆర్డరులో ఉన్నట్టే కుట్టెయ్. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాను. ఈ పిల్లలు మాత్రం వదిలి రాబుద్ధి కావడం లేదు. ఒకమ్మాయి ఉంది, పొడుగ్గా ఉంటుందని అందరూ నిచ్చెన అంటారు. దాని ఛాతీ ఎనభై నాలుగు. ఎనభై అయిదువి రెండే వస్తాయి, దానిలాంటి వాళ్ళు నలుగురు. నేనేం చెప్పను దానికి?

బుల్లెమ్మ


కుట్టు కొట్టు, మేడమెట్ల కింద
అక్టోబరు 15

గౌరవనీయులైన ఉపాధ్యాయిని గారికి,

దర్జీ విన్నవించుకునేదేమనగా, ఆఫీసువారి ఆర్డరు సంఖ్యలను తు.చ. తప్పకుండా లేబుళ్ళ మీద కుట్టుచున్నాను. అరవై నంబరు రెండును, ఎనభై అయిదు నంబరు రెండును, మధ్యవి యథాప్రకారమును. ఇందు ఎట్టి మార్పునకును తావు లేదు. ఇంతటి చక్కని బొమ్మను పంపిన మీ హెడ్మాస్టరుగారి దూరదృష్టి కొనియాడదగినది. వారి మెడ కొలత పంపినచో వారికొక చొక్కా కుట్టవలెనని కోరికగా ఉన్నది. విజిల్ తాడుకు కాలర్ కింద ప్రత్యేకంగా దారి వదలగలను.

ఇట్లు, విధేయుడు,
దర్జీ


ఎనభై అయిదో నంబరు చొక్కా, ఎడమ జేబు
నవంబరు 28

బుల్లెమ్మా,

పోస్టులో రాస్తే విజిల్ ఊదుతాడని జేబులో పెట్టాను. స్టోరు గుమాస్తా కాలర్లే చూస్తాడు, జేబులు చూడడు. చూస్తే మనిద్దరి పని అయిపోయినట్టే, కానీ నాకు గుమాస్తాల మీద నమ్మకం ఉంది.

గట్టిగా విను. నలభై చొక్కాలూ నీ కొలతలకే కుట్టాను. నాలుగు, పది, పద్నాలుగు, ఎనిమిది, నాలుగు. లేబుళ్ళు వాళ్ళ ఆర్డరు ప్రకారం వేశాను. ఎలా కుదిరిందంటావా? ప్రతి నంబరులో సగం చొక్కాలకు ఒక మెట్టు తక్కువ లేబుల్ కుట్టాను. ఆఫీసు గుమాస్తా నరికింది సరిగ్గా సగమే కదా, నేనూ సగమే అబద్ధమాడితే సరిపోయింది. అబద్ధపు లేబుల్ ఉన్న ఇరవై చొక్కాలకూ కింది గుండీ ఎర్రదారంతో కుట్టాను. ఎర్రదారం కనపడితే లేబుల్ మీదున్న నంబరుకు అయిదు కలుపుకో. నిచ్చెనకు ఎనభై అని రాసి ఎర్రదారం ఉన్నది తొడుగు, హాయిగా పడుతుంది. లేని పిల్లలకు కుట్టమన్న రెండు చొక్కాలూ ఉన్న పిల్లలకే కుట్టాను.

యాభై ఏళ్ళలో నా చేత్తో తప్పు లేబుల్ ఒక్కటీ వెయ్యలేదు. వకీలుగారు నలభై నాలుగు అంగుళాల నడుముకు నలభై అని వెయ్యమని బతిమాలితే వెయ్యలేదు, ఆయన నాతో ఏడాది మాట్లాడలేదు. ఒక్క పూటలో ఇరవై వేశాను. మొదటిది వేసి, విప్పి, మళ్ళీ వేశాను. ఏడోది దాటాక అలవాటైపోయింది. దానికే నాకు భయం వేసింది.

నీ గుమాస్తాను ఎక్కువ తిట్టకు. వాడికీ కత్తిరించిన కాగితమే చేరింది. నేనూ ఆ బడిలో చదువుకున్నవాణ్ణే.

చదివి చించెయ్.

పెదనాన్న


స్టాఫ్ రూం, అదే కుర్చీ
డిసెంబరు 14

పెదనాన్నా,

చించలేదు. దాచుకున్నాను.

లేబుళ్ళు సరిపోయాయి. తనిఖీ అధికారి వచ్చాడు. నలభైమందీ గుండీలు పెట్టుకుని వరసగా నిలబడ్డారు. విజిల్ సారు మూడుసార్లు ఊదాడు. అధికారి వరస వెంట నడుస్తూ నిచ్చెన దగ్గర ఆగాడు. కాలర్ తిప్పి చూశాడు. నా కొలతల రిజిస్టరు తీసి చూశాడు.

"ఇక్కడ ఎనభై నాలుగుంది. చొక్కా మీద ఎనభై ఉంది. పట్టిందెలా?"

నేను రిజిస్టరు అందుకోబోయాను. విజిల్ సారు మాత్రం తడుముకోలేదు. "మా పిల్లలకు క్రమశిక్షణ ఎక్కువ సార్" అన్నాడు.

"టేపుందా?" అన్నాడు అధికారి. స్టోరు గుమాస్తా దగ్గర లేదు. విజిల్ సారు దగ్గర విజిల్ ఉంది. నేను నువ్విచ్చిన పాత టేపు సంచిలోనే ఉంచుకుని, "లేదు సార్" అన్నాను. నువ్వు ఇరవై వేశావు, నేనొకటి.

ఆయన చేతులెత్తమన్నాడు. నిచ్చెన ఎత్తింది. ఒక్క గుండీ కదల్లేదు. గోడ మీద పిల్లలు మళ్ళీ గీసిన బొమ్మ ఉంటే దాని వైపు తిరిగి, "ఈ చివర గీతను నేలకెందుకు దించారు?" అని నిచ్చెననే అడిగాడు.

"అక్కడ ఎవరూ లేరని చెప్పడానికి సార్. చెప్పకపోతే ఎవరో ఒకర్ని లెక్కేస్తారు" అంది. "చెప్పినా లెక్కేస్తారు సార్" అని మెల్లిగా అంది. ఆయన వినలేదో, విననట్టు ఊరుకున్నాడో తెలియదు. కలం రాయకపోతే నాదే ఇచ్చాను. సంతకం పెట్టాడు. ఉద్యోగం పక్కా అయింది పెదనాన్నా.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇక్కడ నలభైకి నలభై చొక్కాలు సరిపోయాయి కాబట్టి ఈ పద్ధతి ఘనవిజయమని ఆయన రాసుకుని వెళ్ళాడు. వచ్చే ఏడాది పన్నెండు బళ్ళ నుంచి ఇలాగే బొమ్మలు తెప్పిస్తారట. పట్టికలు అక్కర్లేదట. గుమాస్తాకు ప్రశంసాపత్రం ఇస్తున్నారు. కుట్టేది నువ్వేనట. ఆ బళ్ళలో నీకు ఉత్తరం రాసే బుల్లెమ్మలు లేరు. మనం చేసింది మంచో చెడో నాకు తెలియడం లేదు.

నీ బుల్లెమ్మ


కుట్టు కొట్టు, మేడమెట్ల కింద
జనవరి 11

బుల్లెమ్మా,

నీ ఉద్యోగం సంగతి మెట్లెక్కే వాళ్ళందరికీ చెప్పాను, దిగేటప్పుడు మళ్ళీ చెప్పాను.

మంచా చెడా అన్నది నేనూ మూడు వారాలు ఆలోచించాను. నా కాగితాల్లో దాని మీద ఉన్న పేజీలు కూడా సగం సగమే. అందుకని అది పక్కనపెట్టి ఖాకీ కాగితం ముందేసుకుని కూచున్నాను. గుమాస్తా నరికిన సగాల్ని తిరిగి అతికించడానికి వీలుందేమో చూద్దామని. నడిమి నుంచి మొదలుపెడితే ఎటూ తేల్లేదు. ఎవరూ లేని చివర నుంచి మొదలుపెట్టాను. అక్కడ సున్న అని మనకు ముందే తెలుసు కదా. అంటే అరవై దగ్గర పడ్డ రెండూ పక్క గుంపులో సగమే. రెట్టింపు చేస్తే నాలుగు. అరవై అయిదు దగ్గర ఏడు పడ్డాయి. అందులో రెండు ఈ నలుగురి రెండో సగం. మిగిలిన అయిదూ ఆ పై గుంపులో సగం. అంటే పది. అలా వెళ్తూ ఉంటే పద్నాలుగు, ఎనిమిది, నాలుగు, చివర మళ్ళీ సున్న. నీ నలభైమందీ ఎవరి చోట వాళ్ళు తిరిగొచ్చి నిలబడ్డారు. గీత నేలకు దించకపోయి ఉంటే మొదటి అడుగే దొరికేది కాదు. ఆ పన్నెండు బళ్ళవాళ్ళకు ఒక్క ముక్క రాయి. చివర్లు మాత్రం మూయమను.

మొదటి బడి ఆర్డరు ఇవాళ పొద్దున వచ్చింది. అరవై నంబరు దగ్గర మూడు అని ఉంది. ఎర్రదారం ఉండ ఒకటి తెచ్చుకుని, అరవై అయిదువి ఆరు కత్తిరించాను.

పెదనాన్న